ముప్పై ఆరు చుట్లు

పలమనేరు రోడ్డులో నా అంగడి.
కాలిపోయిన బోరు మోటార్లకు
మళ్ళీ రాగితీగ చుట్టే పని.
పొద్దున్నుంచి మాపటిదాకా లెక్కే నా బతుకు.
కాయిలుకు ముప్పై ఆరు చుట్లు.
ఒకటి తగ్గితే వేడెక్కుతుంది,
ఒకటి పెరిగితే గాడిలో పట్టదు.

అందుకేనేమో ముందు నా కంటబడింది.
దేవసేన అలసందలు తాలింపు వేస్తా ఉంది.
చాపమీద వెల్లకిలా పడుకొని పాప
కుడి మణికట్టు తిప్పుతా ఉంది,
లేని తలుపుకు లేని తాళం తీసినట్టు.
ఇటు. అటు. ఇటు.
చూపు మాత్రం ఫ్యాను మీద.
ఏడో నెల నిండి నాలుగు దినాలు.

ఆడుకుంటా ఉందిలే అనుకున్నా.
రాత్రి పక్కన పడుకొని లెక్కపెట్టినా.
పదకొండు. ఆగింది.
చేయి ఆగితే కాలు మొదలుపెట్టింది,
చీలమండ దగ్గర పాదం గుండ్రంగా,
పంతొమ్మిది.
కన్ను మూతపడే ముందు తల.
ఎవరో ఏదో అడుగుతా ఉంటే
కాదు కాదు కాదు అన్నట్టు.
వెనక రూపాయి బిళ్ళంత చోట
వెంట్రుకలు అరిగిపోయినాయి.

దేవసేనకు చెప్పలా.
అంగడిలో ఎన్నో చుట్టో మరిచిపోయి
చుట్టిన తీగంతా విప్పినా, ఒకే దినం రెండుసార్లు.
మోటారుకైతే మీటరు పెడతా,
ముల్లు ఊగితే ఊగింది, లేదంటే లేదు.
బిడ్డకు ఏ కొసన పెట్టాల?

కరెంటు బిల్లు కట్టాలని
ఆమె ఫోను తెరిస్తే,
పొదుపు సంఘం ఫోటోల నడుమ
నలభై మూడు వీడియోలు.
అన్నిట్లో అదే మణికట్టు.
మొదటిది నేను చూసిన దినానికి
తొమ్మిది దినాల ముందుది.
ఒకదాంట్లో బొమ్మ కదలదు, గొంతు మాత్రం,
"అమ్మా, ఇట్ల చూడు. ఇట్ల చూడమ్మా.
మోక్షితా.
ఇట్ల."
నాలుగోసారికి పాప తిరిగి నవ్వింది.
వీడియో ఆగే ముందు
ఊపిరి విడిచిన చప్పుడు.

ఆమె కూడా నాకు చెప్పలా.

జేజి వచ్చి చూసి, "దిష్టి" అనింది.
ఆ చేతికే నల్లదారం కట్టింది, ఒక్క మువ్వతో.
"మీ తాత చెంగల్రాయుడు
కాలూపకుండా అన్నం తిన్న దినముందంట్రా?
ఎవరన్నా ఆస్పత్రికి మోసకపోయినారా?"
అంటా వక్క కొరికింది.
దారం నిలపలా దేన్నీ.
చేయి తిరిగింది, మువ్వా తిరిగింది.

గ్రీమ్స్‌పేటలో పిల్లల డాక్టరమ్మ.
టోకెను ముప్పై ఒకటి.
రెండు గంటలు బయట బెంచీ మీద
తిప్పిన చేయి తిప్పినట్టే ఉండి,
లోపలికి పోతానే మా పాప
ఉత్సవ విగ్రహం మాదిరి కూర్చుంది.
నలభై మూడిట్లో మూడు చూపించినాము.
డాక్టరమ్మ వెనకనుంచి పేరు పిలిచింది,
తాళాలగుత్తి ఆడించింది,
చేతులు పట్టి లేపి కూర్చోబెట్టింది.
"చూస్తోంది, నవ్వుతోంది, పిలిస్తే తిరుగుతోంది.
కొత్తగా దొరికిన చేయి కదా,
ఎంతవరకు తిరుగుతుందో చూసుకుంటోంది.
చానామంది పిల్లలు చేస్తారు.
తొమ్మిదో నెలలో ఒకసారి తీసుకురండి."

తొమ్మిదో నెలలో ఎందుకు?
అడగాలనుకున్నా. అడగలా.
ఆమె మాట్లాడినంతసేపూ
పెన్నుమూత తీస్తా పెడతా ఉండింది.
ఇరవై రెండుసార్లు.

తిరిగొస్తా బెల్లం మండీ కాడ బండి ఆపినా.
ఎడ్లబండి అడ్డం, లారీ అడ్డం,
వేడిబెల్లం వాసన.
వెనక దేవసేన వీపు నిమురుతా ఉంది,
పాప వీపు కాదు, నాది,
ఒకే చోట, పైకీ కిందికీ,
తనకు తెలుస్తా ఉన్నట్టు లేదు.
నేను ఏమనలా. దోవ దొరికినా
కొంచెంసేపు బండి తీయలా.

ఆ రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో ఏమీ కనపడదు, మువ్వ మాత్రం.
గల్.
గల్.
ఫ్యాను లేదు కదా, దేన్ని చూస్తా తిప్పుతా ఉందో.
నేను కదల్లా, పక్కన దేవసేనా కదల్లా,
నిద్రపోయిందనుకున్నా.
మువ్వ నిదానించింది. ఒకటి. కొంచెం ఆగి
ఇంకొకటి.
ఇక రాలా.

"ఎన్ని?" అనింది చీకట్లో.
"ఇరవై ఏడు."
"నాకు ఇరవై తొమ్మిది వచ్చినాయి" అనింది,
నవ్వుతా ఉందో ఏమో, తెలీలా.